మందు – మోతాదు – లెక్క

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గండిపేట యనగానే ఎల్లవారికిని తలపునకు వచ్చునది నీరు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. ఆ పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు వచ్చి, వరదను ఎగువననే నిలుపుటకు జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఆ సూచన ఫలితముగా మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడను మాట నగరమున సామెతయై నిలిచినది.

అయితే చెరువునందలి నీరు చెరువునందున్నట్లే కుళాయిలోనికి రాదు. దానిని వడపోసి, క్లోరిను కలిపి, పిదప జనులకు అందింతురు. కలుపు క్లోరిను లీటరు నీటికి మిల్లీగ్రాముల లెక్కన ఉండును. అది చాలకున్నచో విషూచి మొదలగు వ్యాధుల క్రిములు చావవు. మితిమీరినచో నీరు నోటికి పట్టదు. ఒక మహాజలాశయమునకును, ఒక మందుసీసాకును వర్తించు సూత్రము ఒక్కటే. ఎంత ద్రవములో ఎంత పదార్థమున్నది, అందులో ఎంత మనుష్యుని లోపలికి పోవుచున్నది అను రెండు ప్రశ్నలే ఆ సూత్రము. ఈ ప్రసంగమునకు అదియే విషయము.

గ్రంథాలయ సభలో మందుల లెక్కలేలయని కొందరకు సందేహము కలుగవచ్చును. గ్రంథాలయములకు వచ్చి చదువుకొను యువజనులలో ఔషధశాస్త్రమున డిప్లొమా చేయుచు, పరీక్షకు సిద్ధమగువారు ఉందురు. మిగిలినవారందరును ఏదో ఒకనాడు ఆ పరీక్షలో నెగ్గినవాని చేతినుండి సీసా అందుకొనువారే. లెక్క తప్పినచో విద్యార్థికి పోవునవి మార్కులు. అదే తప్పు దుకాణములో జరిగినచో పోవునది పసిబిడ్డ ప్రాణము. కావున ఈ లెక్క ఇరువురకును తెలిసియుండుట మేలు.

మోతాదునుగూర్చిన గొప్ప వాదమొకటి హైదరాబాదులోనే జరిగినది. శస్త్రచికిత్సకు ముందు రోగికి స్పృహ తప్పించుటకు క్లోరోఫారము వాడు దినములవి. ఇంగ్లండు దేశమున జాన్ స్నో అను వైద్యుడు, రోగి పీల్చు గాలిలో క్లోరోఫారము ఆవిరి నూటికి 5 పాళ్లు మించరాదని చెప్పి, దానిని కొలిచి ఇచ్చుటకు ఒక యంత్రమును కూడ కల్పించెను. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డు లారీ మార్గము వేరు. కొలత అక్కరలేదు, రోగి శ్వాసను కనిపెట్టియున్నచో చాలును, గుండెకు భయము లేదని ఆయన వాదించెను. ఈ విషయము తేల్చుటకు 1888లో మొదటి క్లోరోఫారము కమిషనును, 1889లో రెండవ కమిషనును హైదరాబాదులో ఏర్పడెను. రెండవ కమిషనుకు నిజాము ప్రభుత్వము ద్రవ్యసహాయము చేయగా, లండను నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చి పాల్గొనెను. శ్వాస ఆగిన పిదపనే గుండె ఆగునని కమిషను నిర్ణయించెను. కాని 1911లో లెవీ అను పరిశోధకుడు, క్లోరోఫారము తేలికగా ఇచ్చినప్పుడును గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని ప్రయోగపూర్వకముగా చూపెను.

ఈ కథనుండి గ్రహింపవలసినవి రెండు. చూపు ఎంత నిశితమైనను కొలతకు బదులు కాజాలదు. అట్లే, తక్కువ ఇచ్చినచో హాని లేదను నమ్మకమును సరికాదు. ఎక్కువ మోతాదు ఒక విధముగా చంపును, తక్కువ మోతాదు వేరొక విధముగా చంపును. ఔషధ గణితమంతయు ఈ రెండు ప్రమాదముల నడుమ నున్న సన్నని గట్టుపై నడుచుటయే.

ఇక పరిభాష. విద్యార్థులు మొదట తడబడునది ఇక్కడనే. ద్రావణముపై 1 శాతమని వ్రాసియున్నచో, 100 మిల్లీలీటర్ల ద్రావణములో 1 గ్రాము మందున్నదని అర్థము. 1 గ్రామనగా 1000 మిల్లీగ్రాములు గనుక, ప్రతి మిల్లీలీటరునందును 10 మిల్లీగ్రాములుండును. 1 శాతమనగా మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు అను ఈ ఒక్క మాట కంఠస్థమైనచో సగము లెక్కలు తీరును. మరికొన్ని మందులపై వెయ్యికి ఒకటి, పదివేలకు ఒకటి అని వ్రాయుదురు. అడ్రినలిను ఇట్టిది. వెయ్యికి ఒకటి యనగా 1000 మిల్లీలీటర్లలో 1 గ్రాము, అనగా మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము. పదివేలకు ఒకటి యనగా అందులో పదవవంతు. చూచుటకు ఒక్క సున్న తేడా. రోగి దేహమునకు పదింతల తేడా. పెద్ద సంఖ్య కనబడినచోట మందు పలుచన యని గుర్తుంచుకొనవలెను. తొందరలో ఇది తలక్రిందులగుట సులభము.

పలుచన చేయుటకు మూలసూత్రము ప్రతి గృహిణికిని తెలిసినదే. చిక్కని మజ్జిగ ఒక చెంబుడున్నది. దానిలో మూడు చెంబుల నీరు పోసినచో నాలుగు చెంబుల పలుచని మజ్జిగయగును. మజ్జిగ పెరిగినట్లు కనబడును గాని అందులోని సారము పెరుగలేదు, తరుగలేదు; నాలుగింట పంచబడినది మాత్రమే. ఔషధశాస్త్రమున దీనినే సూత్రముగా వ్రాయుదురు: మొదటి గాఢతను మొదటి పరిమాణముచే గుణించిన వచ్చు లబ్ధము, రెండవ గాఢతను రెండవ పరిమాణముచే గుణించిన వచ్చు లబ్ధమునకు సమానము. పలుచన చేయుటకు ముందును పిదపను మారనిది మందు మొత్తము.

ఉదాహరణము: 95 శాతము సారాయము నుండి, చర్మమును శుద్ధిచేయుటకు వాడు 70 శాతము సారాయము 1000 మిల్లీలీటర్లు కావలెను. 70ని 1000చే గుణించి 95చే భాగింపగా సుమారు 737 వచ్చును. అనగా 95 శాతము సారాయమును 737 మిల్లీలీటర్లు తీసికొని, నీటితో 1000 మిల్లీలీటర్ల గీతవరకు నింపవలెను. ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. 1000 నుండి 737 తీసివేసి, మిగిలిన 263 మిల్లీలీటర్ల నీటిని విడిగా కొలిచి పోయుట సరికాదు. సారాయమును నీరును కలిసినప్పుడు మొత్తము పరిమాణము కొంత కుదించుకొని పోవును. అందుచేత గీతవరకు నింపవలెననియే శాస్త్రము చెప్పును. నీరు ఎంత పోయవలెనని గాక, మొత్తము ఎంత కావలెనని అడుగుటయే సరియైన పద్ధతి.

రెండు వేర్వేరు గాఢతలు గల ద్రవములను కలిపి మూడవ గాఢతను పొందు లెక్క ఇంకొకటి కలదు. దీనిని అలిగేషను అందురు. పేరు విదేశీయమే గాని లెక్క తెలుగువారికి క్రొత్తది కాదు. కంసాలి మేలిమి బంగారమును తక్కువ వన్నె బంగారముతో కరిగించి కలుపునప్పుడు ఈ లెక్కయే చేయును. పదహారు వన్నెల బంగారమను మాట భాషలో నేటికిని నిలిచియున్నది. తొమ్మిదవ శతాబ్దివాడైన మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహమున బంగారపు వన్నెలకు ప్రత్యేకముగా లెక్కలు చెప్పెను; ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగున వెలయించెను. 16 వన్నెల బంగారము 1 తులమును, 12 వన్నెల బంగారము 3 తులములును కలిసినచో ఏమగును? 16కు 36 కలిపి 4చే భాగింపగా 13 వన్నెలు.

ఔషధశాలలో ఇదే తిరుగవేసి అడుగుదురు. 90 శాతము ద్రవమును, 50 శాతము ద్రవమును ఏ పాళ్లలో కలిపినచో 60 శాతము వచ్చును? కావలసిన 60 నుండి 50 తీసివేయగా 10. అవి 90 శాతము దానికి పాళ్లు. 90 నుండి 60 తీసివేయగా 30. అవి 50 శాతము దానికి పాళ్లు. అనగా 1 పాలు గాఢమైనది, 3 పాళ్లు పలుచనిది. సరిచూడవలెనన్నచో 90కి, మూడు ఏబదులగు 150 కలిపి 4చే భాగింపగా 60 వచ్చును. కావలసిన గాఢత ఏ ద్రవమునకు దగ్గరగా నున్నదో ఆ ద్రవమే ఎక్కువ పడునను తెలివిడి యున్నచో, పాళ్లు తారుమారు కావు.

ఈ లెక్క ఊరిబావికి కూడ ఉపయోగించును. బావి అడ్డుకొలత 4 మీటర్లు, నీటి లోతు 5 మీటర్లు అనుకొనవలెను. అడ్డుకొలతను అడ్డుకొలతచే గుణించి, లోతుచే గుణించి, 3.14చే గుణించి, 4చే భాగింపగా 62.8 ఘనపు మీటర్లు, అనగా 62,800 లీటర్ల నీరు. మంచి బ్లీచింగు పొడిలో నూటికి సుమారు 33 పాళ్లు క్లోరిను లభించును. 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల పొడి చాలును. అప్పుడు లీటరుకు సుమారు 0.8 మిల్లీగ్రాము క్లోరిను పడును. కావున ఈ బావికి 2.5ను 62.8చే గుణింపగా 157 గ్రాములు. అయితే మూత తీసి చాలకాలముంచిన పొడి శక్తి కోల్పోవును. క్లోరిను 20 పాళ్లకు తగ్గినచో, అదే ఫలమునకు 1000 లీటర్లకు 4 గ్రాములు, బావికి సుమారు 251 గ్రాములు కావలెను. పొడి అదే, బావి అదే, తూనిక అదే. అయినను గత సంవత్సరపు లెక్క ఈ సంవత్సరము సరిపడదు. పొడిని నేరుగా బావిలో చల్లరాదు. బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగున పేరిన పిదప పైతేటను బావిలో పోసి, బాగుగా కలియద్రిప్పి, ఒక గంటయైన ఆగి నీరు వాడుకొనవలెను.

ఇక పిల్లల మోతాదు. పిల్లవాడు చిన్న పెద్దవాడు కాడు. పూర్వము యంగు సూత్రమని యొకటి వాడుకలో నుండెను. పిల్లవాని వయస్సును, వయస్సుకు 12 కలిపిన మొత్తముచే భాగించి, పెద్దవారి మోతాదుచే గుణించుట ఆ పద్ధతి. 4 ఏండ్ల పిల్లవానికి 4ను 16చే భాగింపగా నాలుగవవంతు వచ్చును. పరీక్షలలో ఈ సూత్రము నేటికిని కనబడును. కాని ఒకే వయస్సు పిల్లలలో ఒకడు బొద్దుగాను, ఒకడు బక్కగాను ఉందురు గనుక, నేటి వైద్యము ఎక్కువగా బరువును బట్టి లెక్కించును.

జ్వరమునకు ఇచ్చు పారాసిటమాలును తీసికొనుడు. పిల్లలకు ఒక పర్యాయమునకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములను లెక్క వాడుకలో నున్నది. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. ఇంతవరకు చిక్కులేదు. చిక్కు సీసాలో నున్నది. ఒక సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుండును. దానిలో ఈ బిడ్డకు 6.25 మిల్లీలీటర్లు. మరొక సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు. దానిలో 3 మిల్లీలీటర్లు. చంటిబిడ్డల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. దానిలో ఒకటిన్నర మిల్లీలీటరు మాత్రమే. మొదటి సిరప్పునకు అలవాటుపడిన తల్లి, చుక్కల మందును అదే కొలతతో 6 మిల్లీలీటర్లు పోసినచో 600 మిల్లీగ్రాములు లోనికి పోవును. అది నాలుగింతలు. అట్లు పదేపదే జరిగినచో బిడ్డ కాలేయము చెడిపోవును. ఆ తల్లి మందు మార్చలేదు, జ్వరము మారలేదు, బిడ్డ మారలేదు. మారినది సీసాపై చిన్న అక్షరములలో నున్న సంఖ్య. ఇంటి చెంచాలు కూడ ఒక్క తీరున నుండవు. సీసాతో వచ్చు కొలత మూతనే వాడవలెను.

మధుమేహ రోగులకు ఇచ్చు ఇన్సులినులో ఇంతకన్న గహనమైన చిక్కు కలదు. భారతదేశమున బుడ్డీలలో ఎక్కువగా దొరకు ఇన్సులిను మిల్లీలీటరుకు 40 యూనిట్లది. మిల్లీలీటరుకు 100 యూనిట్లదియు కలదు. రెంటికిని సిరంజులు వేరు: 40 దానికి ఎఱ్ఱ మూత, 100 దానికి నారింజ మూత. 20 యూనిట్లు వాడుకొనవలసినవాడు 40 యూనిట్ల ఇన్సులినును 100 గుర్తుల సిరంజిలో 20వ గీతవరకు తీసికొన్నచో, వచ్చునది 0.2 మిల్లీలీటరు, అందులో ఉండునవి 8 యూనిట్లే. చక్కెర తగ్గదు. దీనికి తలక్రిందుగా, 100 యూనిట్ల ఇన్సులినును 40 గుర్తుల సిరంజిలో 20వ గీతవరకు తీసికొన్నచో 0.5 మిల్లీలీటరు వచ్చును. అందులో 50 యూనిట్లుండును. రోగి స్పృహ తప్పి పడిపోవచ్చును, రాత్రివేళయైనచో ప్రాణాపాయము. బుడ్డీపైని సంఖ్యయు, సిరంజిపైని సంఖ్యయు ఒక్కటియేనా యని చూచుటకు ఒక్క నిమిషము చాలును. ఈ నిమిషము రోగిదియు, మందులవానిదియు కూడ.

నీరు కలిపి ఇచ్చు మందులు ఇంకొక తరగతి. విరేచనములకు ఇచ్చు లవణముల పొట్లమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన కొలతలతో చేసినచో అది 20.5 గ్రాములుండును: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియము క్లోరైడు 1.5, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు. ఇది సరిగా 1 లీటరు నీటికి. బిడ్డ ఒక లీటరు త్రాగడని తలచి, పొట్లమంతయు 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపినచో ఉప్పు ఐదింతలు గాఢమగును. అది బిడ్డ నెత్తురునందలి లవణమును ప్రమాదకరముగా పెంచి, దేహమును మరింత ఎండబెట్టును. చిన్న పొట్లములును అంగడిలో దొరకును; వాటికి నీరు తక్కువ. పొట్లముపై ఎంత నీరని వ్రాసియున్నదో అంతయే పోయవలెను.

పొడిరూపమున వచ్చు క్రిమిసంహారక సిరప్పులలో తప్పు రెండవ వైపునకు జరుగును. 30 మిల్లీలీటర్ల సీసాలో, 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల చొప్పున మొత్తము 750 మిల్లీగ్రాముల మందుండును. కాచి చల్లార్చిన నీటిని గీతవరకు పోయవలెను. ఎక్కువ దినములు వచ్చునని, పెద్ద సీసాలోనికి మార్చి 45 మిల్లీలీటర్లు చేసినచో, 5 మిల్లీలీటర్లలో 83 మిల్లీగ్రాములే మిగులును. వ్యాధి నయము కాదు సరిగదా, చావక మిగిలిన క్రిములు ఆ మందునకు లొంగని జాతిగా వృద్ధియగుటకు అవకాశము కలుగును. తక్కువ మోతాదు కూడ హానికరమనుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు.

కొలత సరియైనను కాలము తప్పినచో కీడే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లముపై కృషి చేయించిరి. బోదకాలునకు వాడు డైఇథైల్‌కార్బమజీను ఆయన బృందము కృషివలననే వెలువడెను. ఫోలిక్ ఆమ్లమును ఎదిరించు మందులును అక్కడనే తయారయ్యెను. వాటిలో ఒకటి నేటి మెథోట్రెక్సేటు. కీళ్లవాతమునకు దీనిని వారమునకు ఒక్కసారి మాత్రమే ఇత్తురు. 2.5 మిల్లీగ్రాముల బిళ్లలు మూడు, అనగా వారమునకు 7.5 మిల్లీగ్రాములు వ్రాసినప్పుడు, రోగి పొరపాటున దినదినము వేసికొన్నచో వారమునకు 52.5 మిల్లీగ్రాములగును. నోరు పుండ్లుపడి, ఎముకల మూలుగ దెబ్బతిని, రక్తకణములు క్షీణించి మరణము సంభవించిన ఉదంతములు పలుదేశములలో గలవు. అందుచే చీటీపై వారమునకు ఒకసారి యని మాత్రమే గాక, ఏ వారమున వేసికొనవలెనో, ఆదివారమనియో బుధవారమనియో, స్పష్టముగా వ్రాయుట మంచి పద్ధతి.

వ్రాతయందును ప్రమాదములు పొంచియుండును. 1 అని వ్రాయవలసినచోట 1.0 అని వ్రాసినచో, చుక్క కనబడక 10గా చదువుదురు. 0.5 అని వ్రాయక .5 అని వ్రాసినచో 5గా చదువుదురు. కావున పూర్ణసంఖ్య వెనుక సున్న వ్రాయరాదు. చుక్కకు ముందు సున్న విడువరాదు. మిల్లీగ్రామునకు మైక్రోగ్రామునకు వెయ్యింతల తేడా గనుక ఆ మాటలను కుదింపక పూర్తిగా వ్రాయుట క్షేమము.

ఇక పరీక్ష మాట. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము, వైద్యుని చీటీపై మందు కట్టి ఇచ్చుటకు నమోదైన ఔషధజ్ఞుడే అర్హుడు. డిప్లొమా విద్యార్థి రెండు విద్యాసంవత్సరములు చదివి, 500 గంటలకు తక్కువ కాకుండ ఆచరణ శిక్షణ పొందవలెను. నమోదునకు ముందు నిష్క్రమణ పరీక్షయొకటి నెగ్గవలెనని భారత ఫార్మసీ మండలి 2022లో నియమములు చేసెను. విదేశములకు పోవు తెలుగు యువకులకు ఈ లెక్కలు వెంటనే ఉండును. అమెరికాలో ఔషధజ్ఞుల అనుమతి పరీక్షయందు గణనము విడువరాని భాగము. భాష మారును, నాణెము మారును, మిల్లీగ్రాము మారదు.

సిద్ధమగువారు సూత్రములను వల్లెవేయుటకన్న నాలుగు ప్రశ్నల అలవాటు చేసికొనుట మంచిది. రోగికి ఎంత మందు కావలెను? చేతిలోని సీసాలో ఎంత గాఢతయున్నది? కావున ఎంత పరిమాణము? ఎంత కాలమునకు ఒకసారి? లెక్క ప్రారంభించుటకు ముందే సుమారు జవాబు ఊహింపవలెను. ఒక ఉదాహరణము: 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటలలో ఎక్కవలెను, గొట్టము మిల్లీలీటరుకు 20 చుక్కలు విడుచును. మొత్తము 10,000 చుక్కలు, 240 నిమిషములు. నిమిషమునకు సుమారు 42 చుక్కలు. ఇది క్షణమునకు ఒక చుక్కకన్న కొంచెము తక్కువ. ఎవరికైనను 420 యని వచ్చినచో, అన్ని చుక్కలను కన్ను లెక్కింపలేదని తట్టవలెను. తప్పు అక్కడనే పట్టుబడును. చివరగా జవాబును తిరుగవేసి సరిచూడవలెను. వీలున్నచోట రెండవ వ్యక్తి, మొదటివాని కాగితము చూడక, విడిగా లెక్కవేయవలెను. ఇట్టి సరిచూపును అవమానముగా తలచువాడు మందులబల్ల వెనుక నిలుచుటకు తగడు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయమనగా పుస్తకముల గది మాత్రమే కాదు. ప్రజలకు కన్ను తెరపించు పాఠశాల. ఆ సంప్రదాయమునకు తగిన చిన్న పని యొకటి ప్రతి గ్రామ గ్రంథాలయమును చేయవచ్చును. వారమునకు ఒక సాయంకాలము పరీక్షార్థులు కూడి ఐదు లెక్కలు చేయవలెను. అదే బల్లవద్దకు గ్రామస్థులు ఇంటనున్న మందుసీసాలను తెచ్చి, వాటిపై వ్రాసినది చదివించుకొనవలెను. ఒకరికి అభ్యాసము, వేరొకరికి రక్షణ. చదువు వచ్చినవారు రానివారికి సీసాపైని సంఖ్యను చదివి చెప్పుట, పురాణము చదివి వినిపించుటకన్న తక్కువ పుణ్యము కాదు.

మందులు ఖరీదైనవి, వైద్యుడు దూరమున నుండవచ్చును, ఆసుపత్రికి పోవుటకు వాహనము దొరకకపోవచ్చును. ఇవి గ్రామస్థుని చేతిలో లేనివి. సీసాపైని సంఖ్యను చదువుట, కొలత మూతను వాడుట, అనుమానమున్నచో అడుగుట మాత్రము చేతిలోనివే. మందు ఇచ్చువాడు లెక్క నేర్చి, పుచ్చుకొనువాడు లెక్క అడిగిననాడు, ఆ ఊరి బిడ్డలకు సగము ఆపదలు తొలగును.